చిత్తూరోళ్లకి విడిది

తిరుపతి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

నీ వాయిస్ మెసేజ్‌కి ఇన్నాళ్లూ బదులివ్వలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, పర్లేదు. మన ఊరి ఫుట్‌బాల్ టోర్నమెంట్ ఇవాళ్టితో అయిపోయింది. మా ఆవిడ బకెట్లో వేన్నీళ్లు పోసి, గుప్పెడు ఉప్పేసి ఇచ్చింది. అందులో కాళ్లు పెట్టుకుని రాస్తున్నా. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో వంద అడుగుతావు, నేను అసలు సంగతి మర్చిపోతా. అందుకే కాగితం.

మన రోజుల్లో ఫైనల్ అంటే గుర్తుంది కదా? పాతికమంది మనుషులు, రెండు కుక్కలు, గోల్ పోస్టుకి కట్టేసిన ఒక గేదె. ఇప్పుడట్లా లేదురా. పిల్లలు రాత్రంతా ఫోన్లో ఇంగ్లండ్ మ్యాచులు చూస్తున్నారు. ఊరి టీమ్ పక్క ఊరికి పోతుందంటే బస్సు మాట్లాడుకుని, డప్పులు పెట్టుకుని వెంట పోతున్నారు. కమిటీ వాళ్లు జెర్సీలు, కప్పు, సన్మానం శాలువాలు అన్నీ పంచుకున్నాక మిగిలిన గేటు డ్యూటీ నాకిచ్చారు. పీఈటీని కదా, మెడలో విజిల్ ఉంటుంది, అదే నా అర్హత.

ముందు సెమీఫైనల్ రోజు నేను చేసిన వెధవపని చెప్పాలి. మదనపల్లె జట్టు వచ్చింది. వాళ్ల వెంట నలభై మంది వస్తారన్నారు. వచ్చింది రెండు బస్సులు, నాలుగు టెంపోలు. మన గ్రౌండు నీకు తెలిసిందే, పెద్ద గేటు, దాంట్లోనే ఒక చిన్న గేటు. ఆ చిన్న గేటు దగ్గర నేను టికెట్లు చింపుతున్నా. వెనకనుంచి తోపులాట మొదలైంది. "సార్, పెద్ద గేటు తీసెయ్యండి, పిల్లకాయలు నలిగిపోతున్నారు" అని ఎవరో అరిచారు. తీసేశా.

తీసిన నిమిషం బాగానే అనిపించింది, బయట ఊపిరాడింది. కానీ చెరువు కట్ట తెగినట్టు జనమంతా ఎదురుగా కనిపించే గ్యాలరీ మెట్ల మీదికే పోయారు. అవతలి చివర సగం గ్యాలరీ ఖాళీ. ఆ సంగతి వాళ్లకెట్లా తెలుస్తుంది? అక్కడికి దారి చూపించడానికి ఒక్క మనిషినీ పెట్టలేదు నేను. ముందు వరసలో ఇనుప పైపుకి ఒక పదేళ్ల పిల్లాడు అతుక్కుపోయాడురా. వాడి నోరు తెరుచుకునే ఉంది, అరుపు మాత్రం రావడంలేదు. పై మెట్టు మీదున్న ఇద్దరు కుర్రాళ్లు వాడి చంకల్లో చేతులేసి పైకి లాగేశారు. మోచెయ్యి దోక్కుపోయిందంతే. పది నిమిషాలకి ఐస్‌ఫ్రూట్ చప్పరిస్తూ కనిపించాడు. నాకు మాత్రం ఆ రాత్రి కునుకు పట్టలేదు.

నువ్వు రెండేళ్ల కింద ఇంగ్లండ్ నుంచి పంపిన గ్రీన్ గైడ్ ఫైలు, అదే స్టేడియాల్లో జనం భద్రత గురించి బ్రిటన్ వాళ్లు వేసిన పుస్తకం, ఉంది చూడు, అది ఆ రాత్రి తెరిచా. అప్పట్లో "తెల్లోళ్లకి పనిలేదు" అని నవ్వుకున్నానని ఒప్పుకుంటున్నా. 1971లో గ్లాస్గో ఐబ్రాక్స్‌లో స్టేడియం మెట్ల మీద నలిగి 66 మంది పోయాక, 1973లో మొదటిసారి అచ్చేశారట దాన్ని. చదువుతూ చదువుతూ హిల్స్‌బరో స్టేడియం సంగతిలోకి పోయా, షెఫీల్డ్‌లో ఉంటుందది. పేరు విన్నాను గానీ లెక్క ఎప్పుడూ చూడలేదు. 1989 ఏప్రిల్ 15, ఇంగ్లండ్ ఎఫ్ఏ కప్ సెమీఫైనల్. లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఇద్దరికీ షెఫీల్డ్ పరాయి ఊరే. లివర్‌పూల్ వాళ్లకి నిలబడే చోట 10,100 టికెట్లిచ్చారు. వాళ్లు లోపలికి పోవడానికి తిరిగే గేట్లు ఏడు. ఒక్కో గేటులో గంటకి 660 మంది కంటే ఎక్కువ పోరని ఇప్పటి గైడు చెప్తుంది. ఏడు గేట్లకీ కలిపి గంటకి 4,620. అంటే అందరూ లోపలికి పోవాలంటే రెండు గంటల పైమాటే. ఆ గుణకారం ముందే ఎవరైనా వేసుంటే!

బయట ఒత్తిడి ఎక్కువై 2:52కి పెద్ద గేటు తీశారు. లోపల ఎదురుగా ఒక సొరంగం, అది నేరుగా మధ్య దొడ్లలోకి, అంటే కంచెలు కట్టి జనాన్ని నిలబెట్టే చోట్లలోకి పోతుంది. అవి అప్పటికే కిక్కిరిసి ఉన్నాయి. పక్క దొడ్లలో చోటుంది, అటు పొమ్మని చెప్పేవాడు లేడు. మూడింటికి ఆట మొదలైంది, 3:06కి ఆపేశారు. మొత్తం 97 మంది పోయారు. తాగొచ్చిన మూక అనీ, టికెట్ లేకుండా వచ్చారనీ ఏళ్ల తరబడి నింద లివర్‌పూల్ జనం మీదే వేశారు. వాళ్ల తప్పేమీ లేదని 2016లో జ్యూరీ చెప్పేదాకా ఆ ఇళ్లవాళ్లు పోరాడుతూనే ఉన్నారు.

చదువుతుంటే నాకు మన బైరాగిపట్టెడే గుర్తొచ్చింది. 2025 జనవరి 8 రాత్రి, వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్లు ఆరుగురు తొక్కిసలాటలో పోయారు. మా ఇంటినుంచి నడిచిపోయేంత దూరం. వాళ్లూ పరాయి ఊళ్లనుంచి వచ్చినవాళ్లే.

సరే, మర్నాడు బడి అవగానే టైలర్ దగ్గర టేపు అడుక్కుని గ్రౌండుకి పోయా. గైడు పద్ధతి చాలా సింపుల్‌రా. గంటలో ఎంతమంది లోపలికి రాగలరు, లోపల ఎంతమంది పడతారు, ఆట అయ్యాక 8 నిమిషాల్లో ఎంతమంది బయటికి పోగలరు, నిప్పంటుకుంటే ఎంతమంది తప్పించుకోగలరు. ఈ నాలుగింట్లో ఏది తక్కువైతే అదే కెపాసిటీ. తిరుమలలో చూస్తూనే ఉన్నాం కదా! 31 కంపార్టుమెంట్లు నిండాయని టీవీలో చెప్తే మన అమ్మలు వెంటనే "అయితే ఇన్ని గంటలు" అని లెక్క కట్టేవాళ్లు. హాలు ఎంత పెద్దదైనా, గర్భగుడి ముందునుంచి నిమిషానికి ఎంతమంది కదులుతారన్నదే లెక్క. ఈ మాత్రం తెలివి తిరుపతిలో ప్రతి ముసలమ్మకీ ఉంది, మా కమిటీకి లేదు. నాకూ లేదనుకో.

గ్యాలరీ పొడవు 40 మీటర్లు, ఆరు మెట్లు. మనిషికి అరమీటరు చొప్పున 480 మంది. కానుగ చెట్ల వైపు తాడు కట్టి నిలబెట్టే చోటు 60 చదరపు మీటర్లు. పది చదరపు మీటర్లకి 47 మందికి మించకూడదంటుంది గైడు, అదీ అన్నీ సక్రమంగా ఉంటే. మనకి నేల ఎగుడుదిగుడు, ఉన్నది ఉత్త తాడు. అందుకని సగానికి కోసి 141 వేసుకున్నా. మొత్తం 621. బయటికి పోవడానికి చిన్న గేటు వెడల్పు 1.2 మీటర్లు, మీటరుకి నిమిషానికి 82 మంది లెక్కన 8 నిమిషాల్లో 787. అదీ బాగానే ఉంది. ఇక లోపలికి రావడం. మా ఎనిమిదో తరగతి పిల్లల్ని వరసలో నిలబెట్టి, ఉత్తుత్తి టికెట్లు ఇచ్చి, వాచీ పెట్టి చూశా. నిమిషానికి తొమ్మిది మంది. గంటకి 540. చూశావా, గ్యాలరీ గ్యాలరీ అని అందరం కొట్టుకుంటున్నాం గానీ అసలు ఇరుకంతా గేటు దగ్గరే.

దాంతో వెనక రోడ్డు వైపు తుప్పు పట్టిన గేటు తాళం పగలగొట్టించి, దాన్ని చిత్తూరోళ్లకిచ్చాం. ఫైనల్ వాళ్లతోనే కదా. రెండు గేట్లయితే లెక్క మళ్లీ గ్యాలరీ దగ్గరికొచ్చింది, 621.

ఇక్కడ మొదలైంది గొడవ. ఇంగ్లండ్ కింది డివిజన్లలో బయటి ఊరి జట్టుకి 2,000 టికెట్లు, స్టేడియం 20,000 కంటే చిన్నదైతే పది శాతం అని రూలుందని నేనే నోరు జారి చెప్పా. సెక్రటరీ పట్టుకున్నాడు. "పది శాతమంటే 62, చాలు సార్, ఇంగ్లండే చెప్తోంది" అని. ఎఫ్ఏ కప్‌లో పదిహేను శాతం అన్నా వినడే! నేను 150 అన్నా. టికెట్ లేదని చెప్తే వాళ్లు రాకుండా ఆగిపోతారా? వచ్చి గేటు బయట నిలబడతారు. చోటిచ్చి కూర్చోబెట్టిన 150 మంది కంటే బయట నిలబడ్డ 90 మంది నాకు ఎక్కువ భయం. ఆఖరికి ఒక మాటన్నా: "మగపెళ్లివాళ్లు ఇంతమంది వస్తున్నామంటే విడిది చూస్తాం కదా, అరవై మందికే భోజనం అంటామా?" ఆ మాట పనిచేసింది. ఆ రోజునుంచి అందరూ ఆ మూలని విడిది అనే పిలిచారు.

ట్రెజరర్ మాత్రం ఇంకో దానికి మండిపడ్డాడు. రెండు వైపులవాళ్లకీ మధ్య 5 మీటర్ల గ్యాలరీ ఖాళీగా వదలమన్నా. ఆరు మెట్లకీ కలిపి 60 సీట్లు. టికెట్ ఇరవై రూపాయలు, పన్నెండు వందలు బొక్క. నువ్వు రాసినట్టు మీ దగ్గర చిన్న క్లబ్బుల్లో అసలు విడదీయరనీ, హాఫ్ టైములో రెండు జట్లవాళ్లూ కలిసే నడిచి గోల్ వెనక వైపులు మార్చుకుంటారనీ తెలుసు. చదివినప్పుడు ముచ్చటేసింది. కానీ అక్కడ మూడొందల మంది మొహాలూ ఏళ్ల తరబడి తెలిసినవే. మనకి ఇది మొదటిసారి, అందులోనూ ఫైనల్, అందులోనూ చిత్తూరు.

ఇంకొకటి, గ్రౌండు చుట్టూ ఎత్తుగా ఇనుప జాలీ కొట్టిద్దామన్నారు, జనం లోపలికి రాకుండా. అది మాత్రం ససేమిరా అన్నా. 1985లో బ్రాడ్‌ఫర్డ్‌లో చెక్క గ్యాలరీ అంటుకుని 56 మంది పోయారు, అందులో ఇద్దరు లింకన్ నుంచి వచ్చినవాళ్లు. వెనక గేట్లవైపు పోయినవాళ్లకి తాళాలు ఎదురయ్యాయి. ముందుకి, మైదానంలోకి దూకినవాళ్లు బతికారు. అక్కడ కంచె లేదు మరి.

ఇవాళ నాలుగింటికి మ్యాచ్. మూడున్నరకి కూడా విడిది ఖాళీ. బస్సు చంద్రగిరిలో టిఫిన్‌కి ఆగిందట! 3:45కి దిగారు, డప్పులతో సహా. 3:55కి ఇంకా అరవై మంది వెనక గేటు బయట. డప్పుల మోత వినిపిస్తోంది, లోపల జట్లు వార్మప్ చేస్తున్నాయి. బయటున్నవాడికి ఆ విజిల్ వినపడితే ఏం చేస్తాడో నాకు తెలుసు. పావుగంట ఆపమన్నా. ముఖ్య అతిథికి వేరే ప్రోగ్రాం ఉందన్నారు. నేనేం మాట్లాడకుండా పోయి బంతి చంకలో పెట్టుకుని నిలబడ్డా. పీఈటీకి ఉన్న ఒకే ఒక్క అధికారం అదే కదా. మైకు తీసుకుని, "చిత్తూరు నుంచి వచ్చిన అన్నలారా, అక్కలారా, ఆట 4:15కి. మీకు చోటుంది, మెల్లగా రండి" అన్నా. గేటు పట్టుకుని ఊపుతున్న చేతులు వదిలేశాయి మామా. కళ్లారా చూశా. ఒకడైతే వెనక్కి పోయి సోడా తాగొచ్చాడు.

అక్కలు అన్నది ఊరికే కాదు. ఆటగాళ్ల అమ్మలు, చెల్లెళ్లు పదిమంది దాకా వచ్చారు. ఇంత కొలిచి, ఇంత లెక్కేసి, వాళ్లకి బాత్రూం ఎక్కడో నేను ఆలోచించలేదు. పక్క బడి వాచ్‌మన్‌ని బతిమాలి తాళం తెప్పించా. సిగ్గేసింది.

మ్యాచ్ ఏముందిలే, 1-1, పెనాల్టీల్లో మనం పోయాం. నువ్వుంటే రెండు ఆపేవాడివి. ఆఖరి పెనాల్టీ పడగానే మనవాడొకడు నీళ్ల ప్యాకెట్ విసిరాడు. అది గాల్లో తిరుగుతూ పోయి సరిగ్గా ఆ ఖాళీ మెట్ల మీద పడి పగిలింది. నేను ట్రెజరర్ వైపు చూశా. ఆయన తల తిప్పేసుకున్నాడు.

వాళ్లని వెనక గేటునుంచి ముందు పంపేశాం, బస్సు అక్కడే ఉంది. మనవాళ్లని కప్పు ఇచ్చేదాకా మైకులో మాటలు చెప్పి కూర్చోబెట్టా. ఇండోనేసియా కంజురుహాన్‌లో 2022లో 135 మంది పోయింది అసలు బయటి జట్టు జనమే లేని మ్యాచులో. పోలీసులు బాష్పవాయువు వదిలారు, జనం ఇరుకు గేట్ల దగ్గర నలిగిపోయారు. అందుకే గేట్లు రెండూ ఆట అవడానికి పది నిమిషాల ముందే బార్లా తీయించి, ఒక్కోదాని దగ్గర ఒక మనిషిని నిలబెట్టా.

లెక్క ఎట్లా పెట్టానో తెలుసా? చింతగింజలు. పది మంది లోపలికి పోతే ఒక గింజ ఎడమ జేబులోంచి కుడి జేబులోకి. వెనక గేటు పిల్లాడికీ అదే నేర్పించా. విడిదిలో 146 మంది. 621లో విడిది 150, ఖాళీ 60 పోను మనవైపు 411కి తెగ్గొట్టి గేటు మూసేశా. ముప్పై మంది దాకా బయట ఉండిపోయారు, గోడ మీదనుంచి చూశారు. వాళ్లలో మా బావమరిది ఒకడు. "చిత్తూరోళ్లకి చోటుంది గానీ నాకు లేదా బావా" అని గేటు సందులోంచి అడిగాడు. సాయంత్రం నుంచి మాట్లాడటం లేదు, భోజనానికీ రాలేదు.

నువ్వు సంక్రాంతికి వచ్చేటప్పుడు అక్కడ స్టీవార్డులు చేతిలో పెట్టుకుని టిక్కు టిక్కుమని నొక్కుతారే, ఆ లెక్క మిషన్లు రెండు పట్టుకురా. మా ఆవిడ ప్యాంటు నానబెడుతూ గింజలన్నీ ఏరి చారులో వేసేస్తానంటోంది.

నీ
పీఈటీ