రెండు పాత డెస్క్‌టాప్‌లు చాలు

సంపాదకులకు నమస్కారం.

ఇంజనీరింగ్ పిల్లల కోసం మీరు వేసే పేజీలో ఈమధ్య అంతా ఏఐ కోర్సుల మాటే. వందల సర్వర్లు కలిసి ఒక ఏఐ మోడల్‌ను తయారు చేయాలంటే, ఒకదాని మెమరీలోని డేటా ప్రాసెసర్ చెయ్యి పడకుండా నేరుగా ఇంకోదాని మెమరీలోకి వెళ్లాలి. దీన్నే ఆర్‌డీఎంఏ అంటారు. 12 ఏళ్లుగా దీనికి లినక్స్ కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ అసలు భాగంలో, నడిచే డ్రైవర్లు రాయడమే నా పని.

సంక్రాంతికి కావలి వచ్చినప్పుడు, బీటెక్ మూడో ఏడు చదివే మా పక్కింటి కుర్రాడికి రెండు పాత డెస్క్‌టాప్‌ల మీద ఇది చూపించాను. ఖరీదైన నెట్‌వర్క్ కార్డు అక్కర్లేదు. ఆ కార్డు పనిని సాఫ్ట్‌వేర్‌తోనే చేసే సాఫ్ట్ రోసీ అనే డ్రైవర్ 2016 నుంచీ లినక్స్‌లోనే ఉంది, మామూలు నెట్‌వర్క్ కేబుల్ మీద నడుస్తుంది. మొదటి ప్రోగ్రామే ఫెయిలైంది. మెమరీ రిజిస్టర్ కాలేదు. వాడికి టెన్షన్. మామూలు యూజర్ ఎంత మెమరీ లాక్ చేయొచ్చో సిస్టమ్‌లో ఒక హద్దు ఉంటుంది, అది పెంచాక నడిచింది. రిజిస్టర్ చేయడమంటే గొడ్డును గుంజకు కట్టినట్టు మెమరీ పేజీలను (మెమరీని విడగొట్టిన చిన్న ముక్కలను) కదలకుండా పిన్ చేయడమని వాడికి అప్పుడు అర్థమైంది. కట్టకపోతే పేజీ మధ్యలో చోటు మారుతుంది, కార్డు వెళ్లి ఇంకొకరి డేటా మీద రాసేస్తుంది.

సమయం ఖర్చంతా ఇక్కడే. ఒక జీబీకి 4 కేబీ పేజీలు 2,62,144. అన్నిటినీ పిన్ చేసి, వాటి చిరునామాల పట్టిక కార్డుకివ్వాలి. 2 ఎంబీ పేజీలైతే 512 చాలు. వాడేమో ప్రతి మెసేజ్‌కీ రిజిస్టర్ చేసి తీసేస్తున్నాడు. ఆ రెండు లైన్లూ లూప్ బయటికి తెచ్చి, తేడా వాడే కళ్లారా చూశాడు.

"అన్నా, అంతా ముందే కట్టేసుకుంటే పోదా?" అన్నాడు. ఆ ప్రశ్నకు నాకెంత సంతోషమైందో! కట్టేసిన మెమరీ ఇంకెవరికీ అక్కరకు రాదు. పైగా ఫైల్ సిస్టమ్ పనుల్లో ఏ పేజీలు వస్తాయో ముందు తెలియదు. అందుకే కెర్నెల్‌లో ఖాళీ రిజిస్ట్రేషన్లు సిద్ధంగా ఉంచుకుని, రిక్వెస్ట్ రాగానే పేజీల జాబితా కార్డు క్యూలో వేస్తాం. పని కాగానే, అవతలి మెషీన్‌కిచ్చిన కీని (ఆ మెమరీని తాకడానికి అనుమతి నంబరును) రద్దు చేస్తాం. అది బతికున్నంతసేపూ అవతలి మెషీన్ మన మెమరీలో రాయగలదు మరి. వేగం కోసం ఆ రద్దును వాయిదా వేసే పాత పద్ధతిని 2020లో, లినక్స్ 5.8 వెర్షన్‌లో, తీసేశారు.

నెల్లూరు, ఒంగోలు వైపు పిల్లలు చాలామంది పేజింగ్ బొమ్మను రికార్డులో గీసి వదిలేస్తున్నారు. ఈ ప్రయోగాన్ని మీ పేజీలో ఒక వారం వేయండి. ప్రోగ్రామ్ నేను తెలుగు వివరణతో రాసి పంపుతాను.

– ఒక డ్రైవర్ ప్రోగ్రామర్, కావలి, నెల్లూరు జిల్లా