పొట్ట ఉబ్బిన చేపకు ఇకపై అడగ్గానే మందు ఇవ్వం

మా షాపులో చేపలు కొన్నవాళ్లకూ, మందుల కోసం వచ్చేవాళ్లకూ ముందే చెప్పేస్తున్నాం. "చేప పొట్ట ఉబ్బింది, ఏదో ఒక మందు ఇవ్వండి" అని అడిగితే ఇకపై వెంటనే సీసా తీసి చేతిలో పెట్టం. ముందు చేప ఫొటో చూస్తాం, ట్యాంకు నీళ్లు పరీక్షిస్తాం, నాలుగు ప్రశ్నలు అడుగుతాం. ఆ తర్వాత అవసరమైతేనే మందు. యాంటీబయాటిక్‌లనైతే షెల్ఫులోంచే తీసేశాం. అవి వాడాల్సిన పరిస్థితి వస్తే చేపలను చూసే వెటర్నరీ డాక్టరు దగ్గరికి వెళ్లమని చెబుతాం.

వ్యాపారం లెక్కన చూస్తే ఇది మాకు గిట్టుబాటు అయ్యే పని కాదు. చేప మీద కంటే మందు సీసా మీదే మాకు ఎక్కువ మిగులుతుంది. ఇప్పటికే ఒకరిద్దరు విసుక్కుని వేరే చోట కొనుక్కున్నారు కూడా. వాళ్ల మీద కోపం లేదు, చేప కళ్లముందు అవస్థ పడుతుంటే ఎవరికైనా టెన్షనే. కానీ పొట్ట ఉబ్బడం అనేది జబ్బు పేరు కాదు, లక్షణం. దాని వెనక మలబద్ధకం ఉండొచ్చు, గుడ్లు ఉండొచ్చు, పురుగులు ఉండొచ్చు, గడ్డ ఉండొచ్చు, కిడ్నీలు పాడై లోపల నీరు చేరి ఉండొచ్చు. వీటన్నిటికీ ఒకే సీసా పనిచేయదు. కొన్నిటికి ఏ సీసా పనిచేయదు.

మందు కోసం వచ్చేవాళ్లలో చాలామంది చేపకు అసలు జబ్బే ఉండదు. గప్పీ, మోలీ, ప్లాటీ లాంటివి గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే పెడతాయి. ఆడచేప పొట్ట సుమారు నాలుగు వారాల్లో పెరిగి, చివరికి ముందువైపు కాస్త చతురస్రంగా తిరుగుతుంది. మలద్వారం దగ్గర నల్లటి మచ్చ ముదురుతుంది. "మా ట్యాంకులో మగచేపే లేదండీ" అంటారు. అక్కర్లేదు. గప్పీ ఆడచేప ఒకసారి కలిసిన మగచేప వీర్యాన్ని నెలల తరబడి లోపల దాచుకుని, విడతలు విడతలుగా పిల్లల్ని పెట్టగలదు. అలాంటి చేప ఉన్న నీళ్లలో మందు పోయడం కంటే నాలుగు మొక్కలు వేసి, పిల్లలు దాక్కోవడానికి చోటిస్తే చాలు. గోల్డ్‌ఫిష్, టెట్రాల్లో ఆడవి గుడ్లతో నిండినప్పుడు కూడా పొట్ట గుండ్రంగా కనిపిస్తుంది. చేప హుషారుగా తిరుగుతూ, తింటూ, పొలుసులు ఒంటికి అంటుకునే ఉంటే కంగారు పడాల్సింది లేదు.

తర్వాత ఎక్కువగా కనిపించేది తిండి సమస్య. గోల్డ్‌ఫిష్‌కి అసలు జీర్ణాశయమే ఉండదు, తిన్నది నేరుగా పేగుల్లోకి పోతుంది. ఎంత వేస్తే అంత తింటుంది, ఇంకా కావాలని అద్దం దగ్గరికొచ్చి నోరు తెరుస్తుంది. ఆ నోరు చూసి జాలిపడి ఇంట్లో తలా ఒక చిటికెడు వేస్తారు. అలాంటప్పుడు పొట్ట ఉబ్బుతుంది, మలం రాదు, లేదా తోకలా వేలాడుతూ ఉంటుంది. కొన్ని ఒకవైపు ఒరిగిపోయి ఈదుతాయి. దీనికి మొదటి వైద్యం పస్తు. పెద్ద చేపకు రెండు మూడు రోజులు తిండి ఆపితే ఏమీ కాదు. ఆ తర్వాత ఉడికించి తొక్క తీసిన పచ్చి బఠాణీని చిన్న ముక్కలుగా చేసి గోల్డ్‌ఫిష్‌కి పెట్టొచ్చు. ఫైటర్ చేపకి (బెట్టా) మాత్రం బఠాణీ వద్దు. అది మాంసాహారి, దానికి డాఫ్నియా మంచిది, ఆ చిన్న జీవుల పైపెంకు పీచులా పనిచేస్తుంది. బఠాణీ వైద్యం నెట్‌లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది కాబట్టి ఈ తేడా చెప్పాల్సి వస్తోంది.

ఇక అసలు భయపడాల్సింది డ్రాప్సీ, అంటే ఒంట్లో నీరు చేరి ఉబ్బిపోవడం. దీన్ని కనిపెట్టడానికి చేపను పక్కనుంచి కాదు, పైనుంచి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న చేప పైనుంచి నున్నగా కనిపిస్తుంది. డ్రాప్సీ వచ్చిన చేప పొలుసులు సీతాఫలం పైపొరలా విడివిడిగా లేచి నిలబడతాయి. కళ్లు బయటికి పొడుచుకొస్తాయి, మొప్పలు పాలిపోతాయి, మలద్వారం చుట్టూ ఎర్రబడుతుంది, చేప ఒక మూలకు చేరి కదలదు. మొదట్లో పొలుసులు అంతగా లేవవు, అందుకే మొబైల్ ఫ్లాష్ ఆపేసి, పక్కనుంచి టార్చి వేసి పైనుంచి ఫొటో తీయమంటున్నాం. ఆ వెలుతురులో పొలుసుల అంచుల కింద సన్నటి నీడ పడితే మొదలైందని అర్థం.

లోపల జరిగేది ఇది. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు, బయటి నీళ్లలో కంటే ఎక్కువ. అందుకని నీళ్లు మొప్పల గుండా, చర్మం గుండా ఎప్పుడూ లోపలికి వస్తూనే ఉంటాయి. వాటిని పలచటి మూత్రంగా తోడి బయటికి పంపే పని కిడ్నీలది. ఆ కిడ్నీలు దెబ్బతింటే వచ్చిన నీళ్లు వచ్చినట్టే పొట్టలో, పొలుసుల కింద చేరిపోతాయి. ఎక్కువసార్లు దీని వెనక ఏరోమోనాస్ లాంటి బాక్టీరియా ఉంటుంది. ఆ బాక్టీరియా ఎక్కడినుంచో కొత్తగా రాదు, మామూలు ట్యాంకుల్లో ఉండేదే. చేప బలంగా ఉన్నంతకాలం ఏమీ చేయదు. నీళ్లు పాడై, తోటి చేపలు వెంటబడి తరిమి, చలో వేడో ఎక్కువై చేప నీరసపడ్డాకే లోపలికి దూరుతుంది. అందుకే మందు కంటే ముందు నీళ్లు అడుగుతున్నాం.

మొన్న ఒకాయన గోల్డ్‌ఫిష్ ఫొటోతో పాటు ఒక సీసాలో నీళ్లు తెచ్చారు. "నీళ్లు అద్దంలా ఉన్నాయండీ, దానికేం ఢోకా లేదు" అన్నారు. నిజంగానే అద్దంలా ఉన్నాయి. ఆ నీళ్లు టెస్ట్ ట్యూబులో పోసి, అమ్మోనియా (చేపల మలమూత్రాలు, మిగిలిన తిండి నుంచి వచ్చే విషం) ఉందో లేదో చూపే మందు చుక్కలు వేసి, మూతపెట్టి ఊపి కౌంటర్ మీద పెట్టాం. మొదట పసుపు. ఇద్దరం మాట్లాడుకుంటుండగానే నిమ్మకాయ రంగు, తర్వాత లేత ఆకుపచ్చ, ఆఖరికి ముదురాకుపచ్చ. ఆకుపచ్చ ఎంత ముదిరితే అమ్మోనియా అంత ఎక్కువ. ఆయన ట్యూబుని లైటు కింద ఎత్తి పట్టుకుని కార్డు మీది గళ్లతో పోల్చి చూశారు, మళ్లీ చూశారు. అమ్మోనియాకు రంగు లేదు, తక్కువ మోతాదులో వాసనా తెలియదు. ట్యాంకు నీళ్లలో అమ్మోనియా, దాన్నుంచి బాక్టీరియా తయారుచేసే నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. ఆఖరికి మిగిలే నైట్రేట్ 40 పీపీఎం (పది లక్షల్లో 40 వంతులు) దాటకుండా చూసుకోవాలి. ఆయన ఫిల్టరు స్పాంజిని వారం వారం కుళాయి నీళ్ల కింద తెల్లగా అయ్యేదాకా కడుగుతున్నారట. క్లోరిన్ తగిలి అందులోని మంచి బాక్టీరియా పోతే అమ్మోనియాను తినేవాళ్లు ఎవరూ మిగలరు. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి, మురికి కాస్త మిగిలినా పర్లేదు.

నీళ్లు బాగోలేవని తేలితే మొదటి వైద్యం నీళ్లు మార్చడమే. ఒకేసారి మొత్తం కాదు, నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు, క్లోరిన్ పోగొట్టిన నీళ్లు, ట్యాంకు నీళ్ల వేడికి దగ్గరగా ఉన్నవి. అవసరమైతే మర్నాడు మళ్లీ.

పొలుసులు లేవడం మొదలైన చేపను వేరే తొట్టిలో పెట్టాలి. అందులో ఎయిర్ స్టోన్, చిన్న స్పాంజి ఫిల్టరు, దాక్కోవడానికి ఏదో ఒకటి ఉంటే చాలు. ఇక్కడ పనికొచ్చేది ఎప్సమ్ సాల్ట్, అంటే మెగ్నీషియం సల్ఫేట్. వంటింటి ఉప్పు వేరు, ఇది వేరు, ఒకదాని బదులు ఇంకొకటి వాడొద్దు. 20 లీటర్లకు ఒక టీస్పూన్‌తో మొదలుపెట్టమంటాం. ముందు గ్లాసు నీళ్లలో పూర్తిగా కరిగించి, రెండు మూడు విడతలుగా పోయాలి. నీళ్లు మార్చినప్పుడు మార్చిన నీళ్లకు సరిపడా మాత్రమే మళ్లీ కలపాలి. ఆవిరైపోయిన నీళ్లకు కలపకూడదు, ఎందుకంటే నీళ్లే పోతాయి గానీ ఉప్పు లోపలే ఉంటుంది. ఇది పొట్టలోని నీటిని కొంత లాగి ఉపశమనం ఇస్తుంది, మలబద్ధకానికి కూడా మంచిదే. కానీ లోపలి బాక్టీరియాను చంపదు, ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్ర నూరి నీళ్లలో కలిపామని చాలామంది చెబుతుంటారు. మంచినీటి చేప నీళ్లు పెద్దగా తాగదు, కాబట్టి నీళ్లలో కలిపిన మందు చాలావరకు దాని ఒంట్లోకి చేరదు. పైగా టెట్రాసైక్లిన్ లాంటివి గట్టి నీళ్లలోని కాల్షియంతో కలిసిపోయి పనికిరాకుండా పోతాయి. ఈలోపు ఫిల్టరులోని మంచి బాక్టీరియా దెబ్బతిని మళ్లీ అమ్మోనియా పెరుగుతుంది. చేప ఇంకా తింటుంటే తిండిలో కలిపి పెట్టిన మందే బాగా పనిచేస్తుంది. ఏ మందు, ఎంత, ఎన్నాళ్లు అన్నది డాక్టరు చెప్పాలి, మేం చెప్పం. ఏ మందు వాడినా ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్ (నల్లటి బొగ్గు) ఉంటే ముందు తీసేయండి, లేకపోతే మందును అదే పీల్చేస్తుంది. నీలం మందు గురించి కూడా అడుగుతుంటారు. మిథిలీన్ బ్లూ గుడ్లకు బూజు పట్టకుండా చూడటానికి బాగుంటుంది, డ్రాప్సీకి అది వైద్యం కాదు.

పురుగుల కేసులు గుర్తుపట్టడం కాస్త తేలిక. మలద్వారం నుంచి సన్నటి ఎర్ర దారాలు బయటికి కనిపిస్తే కమలానస్ పురుగులు. దానికి లెవామిసోల్ పనిచేస్తుంది. బద్దెపురుగులైతే ప్రాజిక్వాంటెల్. మలం తెల్లగా, జిగటగా పొడుగ్గా వేలాడితే పేగుల్లో పరాన్నజీవులు ఉండొచ్చు, ఒక్కోసారి చేప ఏమీ తినకపోయినా అలాగే వస్తుంది. అందుకే ఆ ఒక్క గుర్తు చూసి మందు ఇవ్వం. ఆఫ్రికా మలావీ సరస్సు నుంచి వచ్చిన ఎంబూనా సిక్లిడ్‌లు పెంచేవాళ్లకు ఒక మాట: అవి రాళ్ల మీది నాచు తిని బతికే చేపలు. వాటికి మాంసం తిండి ఎక్కువ పెడితే పొట్ట ఉబ్బే జబ్బు వస్తుంది, తిండి మానేయడం దాని మొదటి గుర్తు.

పొట్ట ఒకవైపే ఉబ్బి, నెలల తరబడి మెల్లగా పెరుగుతూ, చేప మాత్రం మామూలుగా తింటుంటే అది గడ్డ గానీ కిడ్నీ వాపు గానీ కావొచ్చు. దానికి మా దగ్గర అమ్మడానికి ఏమీ లేదు. బతికినన్నాళ్లు మంచి నీళ్లలో ఉంచడమే.

బతుకుతుందా లేదా అని సూటిగా అడిగితే సూటిగానే చెబుతాం. పొట్ట కాస్త ఉబ్బి, ఇంకా తింటున్న చేపకు ఆశ ఉంది. ఒళ్లంతా పొలుసులు లేచి, తిండి మానేసిన చేపల్లో ఎక్కువ భాగం బతకవు. మందు కొన్నా, కొనకపోయినా అంతే. ఆ దశలో ఉన్న చేపకు మూడు రకాల సీసాలు అమ్మడం మాకు ఇష్టం లేదు. బాధ లేకుండా సాగనంపే పద్ధతి ఉంది, లవంగ నూనెతో. దాన్ని ఎలా చేయాలో షాపుకొస్తే ఓపికగా చెబుతాం. బతికున్న జబ్బు చేపను మాత్రం చెరువులోనో కాలువలోనో వదలకండి, అక్కడి చేపలకు ఆ జబ్బు అంటగట్టినట్టవుతుంది.

మీ జాగ్రత్త కూడా ముఖ్యం. చేపల్లో వచ్చే మైకోబాక్టీరియం అనే ఒక రకం క్రిమి చేతి మీది గాయాల్లోంచి మనుషులకు సోకి పుండ్లు పెడుతుంది. చేతికి గీత ఉంటే గ్లోవ్స్ వేసుకోండి. పైపుతో నీళ్లు తీసేటప్పుడు నోటితో పీల్చకండి.

షాపులో వెనకవైపు వరసలో కాగితం అంటించిన ట్యాంకులు చూసి "ఆ చేపలు ఎందుకు అమ్మట్లేదు" అని అడుగుతున్నారు. కొత్తగా వచ్చిన చేపల్ని కనీసం రెండు వారాలు అక్కడ ఉంచి, తింటున్నాయా, మలం ఎలా ఉంది అని చూసి గానీ ముందుకు తేం. కాబట్టి కొన్నాళ్లు రకాలు తక్కువ కనిపిస్తాయి. మీరూ ఇంట్లో అలాగే చేస్తే మంచిది, పాత చేపల మధ్యకు కొత్తదాన్ని నేరుగా వదలకండి. కొన్న కొద్ది రోజుల్లోనే పొట్ట ఉబ్బితే వెంటనే చెప్పండి. మీ నీళ్లు బాగుండి, చేపే మా దగ్గర నుంచి జబ్బుతో వచ్చిందని తేలితే వేరే చేప ఇస్తాం.

వచ్చేటప్పుడు చేపను కవర్లో వేసుకుని తేవద్దు, ఆ ప్రయాణం దానికి ఇంకో దెబ్బ. శుభ్రమైన సీసాలో, సబ్బు తగలనిదైతే మంచిది, ట్యాంకు నీళ్లు ఒక కప్పు తెండి. నీళ్ల పరీక్షకు డబ్బులు తీసుకోం. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటోలు కావాలి. ట్యాంకు ఎన్ని లీటర్లు, అందులో ఎన్ని చేపలు, ఏం తిండి, చివరిసారి నీళ్లు ఎప్పుడు మార్చారు, ఇప్పటికే ఏం కలిపారు, ఇవి చెప్పండి. ఆఖరి ప్రశ్నకు మొహమాటపడి దాచకండి, ముందు పోసిన మందు తెలియకపోతే రెండోది చెప్పలేం. రాత్రి మెసేజ్ పెడితే పొద్దున షాపు తెరిచాక చూస్తాం. అప్పటిదాకా తిండి వేయకుండా, నీళ్లలో ఏమీ కలపకుండా, గాలి మోటారు మాత్రం ఆన్‌లో ఉంచండి.