రైతు భరోసా పడే భూమికి అడవిపందుల వేట రోజు గేటు తియ్యమనండి – అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది శ్రీశైలం రోడ్డు మీద, కల్వకుర్తికి ఇవతల ఒక ఊరు. నాకు మూడెకరాల పది గుంటల చెలక ఉంది. నిరుడు వానాకాలం రెండెకరాలు మక్క వేసి, మిగిలిందాంట్లో పల్లి పెట్టాను. మక్క పాలకంకి మీదికి వచ్చిన వారంలోనే అడవిపందులు ముప్పావు ఎకరం పడగొట్టాయి. పంది కంకి విరుచుకొని పోయే రకం కాదు. కర్రను ఛాతీతో తోసి పడేసి, రెండు కొరుకులు కొరికి, పక్క కర్ర మీద పడుతుంది. తిన్నదానికంటే తొక్కిందే ఎక్కువ.

మేం చెయ్యని పని లేదు. చుట్టూ పాత చీరలు కట్టాం. కటింగ్ షాపు నుంచి వెంట్రుకలు సంచుల్లో తెచ్చి గట్ల మీద చల్లాం. మంచె ఎక్కి పటాకులు కాల్చాం. రెండు రాత్రులు భయపడ్డాయి, మూడో రాత్రికి మా పటాకులు వాటికి అలవాటైపోయాయి. కరెంటు తీగ పెట్టమని చెప్పినవాళ్లూ ఉన్నారు. ఆ తీగ పంది ఎవరు, మనిషి ఎవరు అని చూడదు. తెల్లారకముందే మోటరు వెయ్యడానికి పోయే పక్క రైతు దానికి తగిలితే నేనేం చెప్పుకోవాలి?

అందుకే చట్టం చూపిన దారిలోనే పోయాం. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో 11వ సెక్షన్ ఉంది కదా. నిలబడి ఉన్న పంటను పాడుచేసే అడవిపందిని చంపడానికి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. మన రాష్ట్రంలో సర్పంచులకు గౌరవ వన్యప్రాణి వార్డెన్ హోదా ఇచ్చి, ఆ అనుమతి ఊళ్లోనే దొరికేలా చేశారు. మంచి పని. మాకూ కాగితం వచ్చింది, పట్నం నుంచి షూటర్ కూడా వచ్చాడు. అంతా అయ్యాక గేటు దగ్గర ఆగిపోయాం.

మా చెలకకు ఆనుకొని తొమ్మిదెకరాల ఫామ్‌హౌస్ ఉంది. చుట్టూ జాలీ ఫెన్సింగ్, ముందర పెద్ద ఇనప గేటు. లోపల రెండు గదుల ఇల్లు, ఎండిపోయిన మామిడి మొక్కలు, ఒక చిన్న కుంట. మిగతాదంతా మనిషి దూరలేనంత సర్కారు తుమ్మ. పందులు పగలంతా అందులోనే పడుకుంటాయి. జాలీ కింద మూడు చోట్ల అవి తవ్విన దారులున్నాయి. వంగి చూస్తే కింది వైరుకు నల్లటి బిరుసు వెంట్రుకలు చిక్కుకొని కనిపిస్తాయి. షూటర్ ఆ వెంట్రుకలు చూసి, "పంటలో కాపు కాస్తే ఒకటో రెండో దొరుకుతాయి, మంద మొత్తం ఇక్కడుంది" అన్నాడు. వాచ్‌మెన్‌ను అడిగితే, "సారు చెప్పంది తియ్యనన్నా, నా నౌకరి పోతది" అన్నాడు. సారుకు నాలుగుసార్లు ఫోన్ చేశాం. చివరికి ఎత్తి, నా పట్టా భూమిలోకి తుపాకులతో ఎవరూ రావద్దని పెట్టేశారు. షూటర్ మా గట్టు మీద చీకటి పడేదాకా కూర్చొని, చాయ్ తాగి వెళ్లిపోయాడు.

ఆయన్ను పూర్తిగా తప్పుపట్టలేను. తుపాకీ పట్టుకొని ముక్కూమొహం తెలియని మనిషి వస్తే నేనూ గేటు తియ్యను. కానీ అదే పట్టా మీద ఎకరానికి 6,000 చొప్పున సీజనుకు 54,000 రైతు భరోసా, అంటే సర్కారు ఇచ్చే పెట్టుబడి సాయం, పడుతుంది. 2025లో పెట్టిన నిబంధనల ప్రకారం సాగుకు పనికొచ్చే భూమి అయితే చాలు, సాగు చేశారా లేదా అని అడగలేదు. బోరుకు ఉచిత కరెంటు ఉంది. మామిడి మీద ఎంత ఆదాయం చూపినా ఆదాయపు పన్ను లేదు. ప్రభుత్వం డబ్బు వేసేటప్పుడు అది వ్యవసాయ భూమి. పక్క రైతు పంట కాపాడాల్సి వచ్చేసరికి సొంత ఇల్లు. ఇదే నాకు మింగుడుపడనిది.

మా మేనల్లుడు అమెరికాలో విస్కాన్సిన్‌లో ఉంటాడు. ఈ గోడు చెప్తే అక్కడి పద్ధతి చెప్పాడు. అది పొలాల సంగతి కాదు, ప్రైవేటు అడవుల సంగతి. అక్కడ 1927లోనే, పన్ను తగ్గించిన అడవిలో వేటకూ చేపలకూ జనాన్ని రానివ్వాలని షరతు పెట్టారట. 1985లో వచ్చిన చట్టంలో యజమాని గేటు మూసుకోవచ్చు, కాకపోతే ఎకరానికి ఎక్కువ కట్టాలి. వాళ్లలాగా వేట సరదాకు జనాన్ని వదలమని నేను అడగడం లేదు. మన చట్టం ఒప్పుకోదు, నాకూ ఇష్టం లేదు. రాయితీ కావాలంటే గేటు తియ్యాలి, లేదంటే ఎక్కువ కట్టాలి అనే ఆ లెక్క మాత్రం నచ్చింది.

కాబట్టి అనుమతి కాగితంలో పంట ఉన్న సర్వే నంబరుతో పాటు, పందులు దాక్కునే పక్క పడావు భూమి నంబరు కూడా రాయించండి. యజమానికి రెండు రోజుల ముందు నోటీసు ఇవ్వండి. లోపలికి మీ జాబితాలో ఉన్న షూటర్, బీట్ ఆఫీసర్, పంచాయతీ నుంచి ఒకరు, అంతే. జరగరానిది జరిగితే బాధ్యత యజమాని మీద పడదని అందులోనే రాయండి, ఆయన భయం సగం పోతుంది. మనుషులు రావడం ఇష్టం లేదంటే సీజను మొదట్లోనే తుమ్మ కొట్టించుకోమనండి, అది ఇంకా మంచిది. రెండూ చెయ్యకపోతే ఆ సీజను భరోసా ఆపేలా వ్యవసాయ శాఖ మంత్రి గారితో మాట్లాడండి.

మా దగ్గర మక్క పాలకంకికి వచ్చేది ఆగస్టు ఆఖరులో. ఉత్తర్వు ఆలోపు రావాలి. మీ అధికారులను పంపితే జాలీ కింద ఆ మూడు దారులూ నేనే చూపిస్తాను, అవి గేటు బయటి నుంచే కనిపిస్తాయి.

ఇట్లు,
మూడెకరాల పది గుంటల పట్టాదారు