మంత్రి గారూ, విగ్రహం వద్దండి, ఒక బస్సు ఇప్పించండి

సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం అండి. మాది రావులపాలెం పక్క ఊరు, అరటితోటలోళ్లం. బొమ్మల గురించి మంత్రిగారికి లెటర్ రాస్తున్నానంటే మా ఇంట్లోవాళ్లే నవ్వారు, ఆయ్, నవ్వనివ్వండి.

మా అమ్మ దేవుడి గూట్లో లక్ష్మీదేవి పటం ఉంది, తామరపూవులో నిలబడి, పక్కన ఏనుగు. అది రవివర్మ బొమ్మని నాకు నలభై దాటాక తెలిసింది. ఆయన 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి బొమ్మలు అచ్చేయించాడు కాబట్టే గుడి గడప తొక్కే వీల్లేని వాళ్ల ఇళ్లలోకి కూడా దేవుళ్లు వచ్చి కూర్చున్నారు. కళల గురించి రాసిన ఆనంద కుమారస్వామి లాంటి పెద్దాయన ఇవి నాటకాల ఫోజుల్లా ఉన్నాయని తీసిపారేశాడు, నాకైతే అది నచ్చలేదండి, అసలు బొమ్మలు చూసే వీలున్నోళ్లు ఎన్నైనా అంటారు.

వాల్టర్ బెంజమిన్ అనే జర్మన్ రచయిత 1930ల్లో ఏమన్నాడంటే, ఎంత బాగా అచ్చేసినా అసలు బొమ్మకుండే ‘ఇక్కడే ఉంది, ఇదొక్కటే ఉంది’ అనే గుణం నకలుకి రాదు అని. అలాగని నకలుని తిట్టలేదు, బొమ్మ జనం దగ్గరికి వెళ్లేది దానివల్లే అనీ అన్నాడు. చదివినప్పుడు నాకు సగమే ఎక్కింది.

మిగతా సగం రాజమండ్రిలో ఎక్కింది. మావాడి పళ్ల డాక్టర్ టోకెన్ కి టైముంది, బయట ఎండ మాడిపోతోంది, నీడ దొరుకుతుంది కదా అని దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలోకి దూరాం. ఆ బొమ్మలు ఫోన్లో ఎన్నిసార్లు చూశానో, అక్కడ ఒక నీటిరంగు బొమ్మ ముందు నిలబడితే మాత్రం రంగు ఆరిన చోట సన్నగా అంచు కట్టి కనపడింది, మావాడు మొహం దగ్గరగా పెట్టి “నాన్నా, ఈ కాగితం మీద నిజంగా ఆయన చెయ్యి పెట్టాడా?” అన్నాడు. టోకెన్ దాటిపోయింది, పోతే పోయింది.

ఆ బొమ్మలేసిన రామారావు 1897లో రాజమండ్రిలోనే పుట్టాడు, కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన బొమ్మలేసే తీరు చూసి బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకి పంపించాడు. నేర్చుకున్నాక అక్కడే ఉండిపోవచ్చు, కానీ తిరిగొచ్చి రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టాడు. 28 నిండకుండా 1925లో మశూచితో పోయాడు.

ఆయన పోయి వందేళ్లు దాటిందని ఇంకో విగ్రహం మాత్రం వద్దండి, మా సెంటర్లలో విగ్రహాలకి కొదవేం లేదు, కాకులకి తప్ప ఎవరికీ పనికి రావట్లేదు. మావాడి స్కూల్లో (పేరెందుకులెండి) డ్రాయింగ్ పీరియడ్ ఎప్పుడో లెక్కల మాస్టారికిచ్చేశారు. కాబట్టి అడిగేది ఇదే, డెల్టాలో ఎనిమిదో తరగతి పిల్లలందర్నీ ఒక్కసారి బస్సెక్కించి ఆ గ్యాలరీకి తీసుకెళ్లండి. బొమ్మల్నే ఊరూరా తిప్పుదాం అంటారేమో, వద్దు, నీటిరంగుకి వెలుతురు పడదు, మన గోదావరి గాలిలో తేమ అంతకన్నా పడదు, ఎంచేతంటే కాగితం కదండీ. కాగితం బొమ్మలు పాడవకుండా కాపాడే పని తెలిసిన మనిషిని ఒకర్ని అక్కడికి పంపిస్తే ఇంకా మంచిది.

పరీక్షలయ్యాక చూద్దాం అనకండి, ఏప్రిల్ ఎండలో పిల్లలు సొమ్మసిల్లిపోతారు. కార్తీకంలో వనభోజనాలకి ఎలాగూ స్కూళ్లన్నీ బస్సులు మాట్లాడతాయి, అందులోనే ఒక పూట కలిపించండి చాలు.

ఇట్లు,
ఒక అరటి రైతు