మన మొక్కల కొట్టుకి పక్కా చోటు – ఆదివారం పని
అందరికీ నమస్కారం 🙏

గేటు పక్కన రేకుల కింద నడుస్తున్న మన మొక్కల కొట్టుకి హాలు వెనక స్థలం ఖాయమైంది. ముందు కొట్టు, వెనక విత్తనాలు మార్చుకోవడానికి, పిల్లలకి అంట్లు కట్టడం నేర్పడానికి, కబుర్లకి ఒక అరుగు.

ఆదివారం ఉదయం 6:30కే రండి. ఎండెక్కితే ఎవరూ పార పట్టరు, తెలిసిందే!

పార, గునపం ఉన్నవాళ్లు తెండి. షేడ్ నెట్ కట్టడానికి నిచ్చెన కావాలి.

కడియం నుంచి మొక్కల బండి 8కి వస్తుంది: మల్లె, కరివేపాకు, నందివర్ధనం. కవరు కోసేటప్పుడు వేళ్ల చుట్టూ మట్టిగడ్డ చెదరనివ్వకండి, పోయినసారి మల్లెలు అలాగే వాడిపోయాయి. ఎరువు బాగా మాగిందే వాడాలి, పచ్చిపేడ వద్దు, వేళ్లు మాడతాయి.

వచ్చేవాళ్లు శనివారం రాత్రిలోగా ఇక్కడ పేరు పెట్టండి, టిఫిన్ లెక్క తేలాలి. ఇడ్లీయే, పూరీ అడగొద్దు 😄