అమ్మకి, పాలసీ సంగతి

డల్లాస్ నుంచి

అమ్మా,

ఫోనులో చెప్పబోతే "చావు కబుర్లు ఎందుకే" అని పెట్టేశావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

నా ఎల్‌ఐసీ పాలసీకి నామినీవి నువ్వే. నాకేమైనా అయితే 30 లక్షలూ ఒక్కసారే నీ ఖాతాలో పడవు. 6 లక్షలు వెంటనే వస్తాయి, మిగతాది 15 ఏళ్ల పాటు నెలనెలా వస్తుంది, నెలకి 13 వేలకు పైనే. 5, 10, 15 ఏళ్లలో ఏదో ఒకటి ఎంచుకోమంటే 15 పెట్టాను. నా తరువాత నువ్వు అడిగినా మార్చరు. నీకు కష్టమనిపించేది ఆ మాటే అని తెలుసు.

నాన్న పోయినప్పుడు పన్నెండో రోజు భోజనాలు అవకముందే మావయ్య లారీ కిస్తీ కోసం వసారాలో కూర్చున్నాడు. ఆ తరువాత ఎంతమంది వచ్చారో! వచ్చిన ఇన్సూరెన్స్ డబ్బులో సంక్రాంతికి నాలుగు వేల చిల్లర మిగిలింది. ఆ పాస్‌బుక్కు నేను చూశానమ్మా. డబ్బు తీసిన ప్రతిసారీ పక్కన పెన్సిలుతో తీసుకున్నవాళ్ల పేరు రాసుకున్నావు. ఒక్క పేరూ కొట్టేసి లేదు. తమ్ముడి ఫీజుకి నీ గాజులు తాకట్టు పెట్టాల్సి వస్తే, పర్లాకిమిడిలో ఎవరైనా చూస్తారని పాతపట్నం వెళ్లాం.

నీ మీద నమ్మకం లేక కాదు. ఎవరైనా వచ్చి కూర్చుంటే "నా చేతుల్లో ఏం లేదు, అమ్మాయి అలా రాసిపెట్టింది" అనడానికి నీకో మాట ఉండాలని.

ఇక్కడ అమెరికాలో ఇలాంటి వాయిదాలకి స్పెండ్‌థ్రిఫ్ట్ క్లాజ్ అనే షరతు పెట్టుకోవచ్చు. అది ఉంటే రాబోయే వాయిదాలను తాకట్టు పెట్టడం, అమ్ముకోవడం కుదరదు. డబ్బు చేతికి వచ్చేదాకా అప్పులవాళ్లూ ముట్టుకోలేరు. దుబారా మనుషుల కోసం అన్నట్టున్న ఆ పేరే నాకు నచ్చలేదు. నువ్వు ఏనాడూ దుబారా చేయలేదు, కాదనలేకపోయావు, అంతే.

ఆ 6 లక్షలు ఎందుకంటే, రేపు ఒంట్లో బాగోక బరంపురమో విశాఖో వెళ్లాల్సి వస్తే నెల డబ్బు కోసం ఎదురుచూడకూడదు.

తమ్ముడికి చెప్పు, పెళ్లయ్యాక పాలసీ తీసుకుంటే 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకోమని. ఫారం నింపేటప్పుడే ఆ సంగతి రాయాలి. అప్పుడు ఆ డబ్బు వాడి భార్యాపిల్లలదే అవుతుంది, వాడి అప్పులవాళ్లది కాదు.

బాండు, నేను సంతకం పెట్టిన కాగితం నకలు బీరువాలో నాన్న రేషన్ కార్డు కవరులో ఉన్నాయి. ఒకసారి తీసి చూసి, ఆదివారం ఫోను చేసినప్పుడు చూశానని చెప్పు.

నీ
చిన్నమ్మాయి