రియాక్టరుకు గొట్టం తగిలిస్తే కంటిన్యూయస్ అయిపోదు

సంపాదకులకు నమస్కారం.

నీటి పెయింట్లకు వాడే, నీటిలో సన్నటి పాలిమర్ కణాలు తేలే పాలలాంటి అక్రిలిక్ ఎమల్షన్‌ను బ్యాచ్‌లుగా కాక నిరంతరాయంగా తయారుచేస్తే ఖర్చూ ప్రమాదమూ తగ్గుతాయని మీ వాణిజ్య పేజీలో రాశారు. మంచి మాటే. కానీ అది చదివి ఏ చిన్న యూనిటైనా ఉన్న రియాక్టరుకే పైన మోనోమర్ (పాలిమర్‌గా మారే ముడిసరుకు) పంపు, కింద అవుట్‌లెట్ పెట్టి నడిపితే నష్టపోతుంది.

చర్యలో పుట్టే వేడిని నిరంతర పద్ధతిలో తేలిగ్గా తీసేయొచ్చని మీరు రాసింది నిజం. 2 మీటర్ల వ్యాసమున్న రియాక్టరులో ఘనమీటరు సరుకుకు చల్లబరిచే పక్కగోడ 2 చదరపు మీటర్లే. 25 మిల్లీమీటర్ల గొట్టంలోనైతే 160. బ్యాచ్‌లో మోనోమర్‌ను మూడు నాలుగు గంటలపాటు కొద్దికొద్దిగా వదలాల్సి రావడానికి ముఖ్య కారణం ఇదే.

చిక్కంతా కణాలు పుట్టే దగ్గరుంది. బ్యాచ్‌లో 80 డిగ్రీల దగ్గర కొంచెం ప్రీ-ఎమల్షన్ (నీళ్లు, సబ్బులాంటి పదార్థంతో కలిపి చిలికిన మోనోమర్), చర్యను మొదలుపెట్టే పర్సల్ఫేట్ వేసి ముందు విత్తు కణాలు పుట్టిస్తాం. తర్వాత పోసేదంతా వాటినే పెంచుతుంది. ఒకే రియాక్టరును నిరంతరంగా నడిపితే పుట్టడం, పెరగడం ఒకేచోట జరగాలి. ఒక్కసారిగా బోలెడు కణాలు పుట్టి సబ్బునంతా లాగేసుకుంటాయి, కొత్తవి పుట్టడం ఆగిపోతుంది. అవి బయటికి కొట్టుకుపోయాక సబ్బు మిగిలి మళ్లీ గుంపుగా పుడతాయి. మీటర్లలో ఫ్లో నిలకడగానే ఉంటుంది, శాంపిల్ గ్లాసు మాత్రం పూటకో రంగు చూపిస్తుంది: ఒకసారి నీలిఛాయతో చిక్కగా, ఇంకోసారి తెల్లగా, పల్చగా. పైగా సగటున 2 గంటలు నిలవాల్సిన సరుకులో దాదాపు పదోవంతు 12 నిమిషాలకే బయటపడుతుంది. మోనోమర్ వాసన అక్కడినుంచే.

అందుకని విత్తు కణాలను ముందుగా సన్నటి గొట్టంలోనో, విడి పాత్రలోనో తయారుచేసి పంపాలి. వెనక రెండు మూడు రియాక్టర్లు వరుసగా ఉండాలి. మోనోమర్‌ను వాటికి పంచి ఇవ్వాలి. చర్య జరగకుండా మిగిలిన మోనోమర్‌ను చివర్లో 60 డిగ్రీల దగ్గర రెడాక్స్ జంటతో (కలిస్తే తక్కువ వేడిలోనే చర్యను నడిపే రెండు రసాయనాలు) పూర్తిచేయాలి. సింథటిక్ రబ్బరు వాళ్లు 5 డిగ్రీల దగ్గర వరస రియాక్టర్లలో దశాబ్దాలుగా నడుపుతున్నదీ ఇలాంటి పద్ధతే.

గోడలకు పట్టే తరక గురించి వ్యాసంలో ఒక్క ముక్కా లేదు. పాలగిన్నె అంచుకు మీగడ పట్టినట్టు పాలిమర్ పేరుకుంటుంది. రియాక్టరు చుట్టూ ఉండే జాకెట్‌లో నీళ్లు ఎప్పటిలాగే తిరుగుతున్నా లోపల వేడి దిగదు. నీటిలో కాల్షియం ఉన్నా, మోనోమర్ గోడ మీద పడినా ఇది మొదలవుతుంది. లవణాలు తీసేసిన డీఎం నీళ్లే వాడాలి. సరుకును గొట్టంలో చుట్టూ తిప్పే లూప్ రియాక్టరులో పంపు చిలుకుడుకు ఎమల్షన్ తట్టుకోకపోతే మజ్జిగలో వెన్నలా గడ్డ కడుతుంది. అందుకే జంట ఫిల్టర్లు తప్పనిసరి: ఒకటి కడుగుతుంటే రెండోది నడవాలి. గ్రేడు మార్చిన ప్రతిసారీ కొన్ని గంటల సరుకు ఎటూ కాకుండా పోతుంది. పది గ్రేడులు తక్కువ తక్కువగా చేసేవారికి బ్యాచే మేలని మా అభిప్రాయం.

ప్రమాదం గురించి ఒక్కటి గట్టిగా చెప్పాలి. నిరంతర పద్ధతిలో రియాక్టరులో ఉండే సరుకు తగ్గుతుంది, కొన్ని ఎమల్షన్లలో మోనోమర్‌గా వాడే స్టైరీన్ నిల్వ ఉండే బయటి ట్యాంకు తగ్గదు. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో 12 మందిని బలిగొన్నది రియాక్టరు కాదు, నిల్వ ట్యాంకు. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి, అది తనంతట తానే పాలిమర్‌గా మారకుండా ఆపే టీబీసీ మోతాదును తరచూ పరీక్షించాలి. ఆ టీబీసీ పనిచేయాలంటే కరిగిన ఆక్సిజన్ కొంచెం ఉండాలి, కాబట్టి పైన శుద్ధ నైట్రోజన్ నింపకూడదు. ఉష్ణోగ్రతను ట్యాంకు అడుగున ఒక్కచోటే కాక మధ్యలోనూ, పైనా కొలవాలి.

ఇట్లు,
కొందరు ఎమల్షన్ ప్రాసెస్ ఇంజనీర్లు,
హైదరాబాద్